చలికాలంలో చిన్నపిల్లలకు అక్షరాల ఆటలు: ఏ పిల్లకు ఏది సరిపోతుంది

డిసెంబరు వచ్చిందంటే ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల బ్యాగుల్లోకి మంచు మనిషి బొమ్మల కాగితాలు వచ్చేస్తాయి. దూది అతికించు, ముక్కుకు రంగు వెయ్యి, పక్కనున్న చుక్కల అక్షరం దిద్దు. అనంతపురంలోనో ఆదోనిలోనో పెరిగే నాలుగేళ్ళ పిల్లకు ఆ బొమ్మ కొత్తేమీ కాదు, టీవీలో చూసే ఉంటుంది. కానీ దాని గురించి తనంతట తాను చెప్పగలిగింది పెద్దగా ఉండదు. అదే చలిమంట గురించి అడగండి. పొగ కళ్ళలో పడిందనీ, అవ్వ పక్కన కూచున్నాననీ, బుడ్డలు (వేరుశనక్కాయలు) కాల్చుకుని తిన్నామనీ ఆగకుండా చెప్తుంది. అక్షరాలు నేర్పేవాళ్ళకు పనికొచ్చే సరుకు ఆ మాటలే.

ఇక్కడ పోల్చి చెప్పే ఆటలన్నీ కర్నూలు, అనంతపురం, కడప వైపు ఇళ్ళల్లో, అంగన్‌వాడీల్లో, చిన్న బడుల్లో నవంబరు చివరి నుంచి సంక్రాంతి దాకా సులభంగా దొరికే వస్తువులతో చేసేవి. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లల కోసం.

ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఏ ఆటైనా సరే, పది నిమిషాల్లో పిల్ల ఆ అక్షరాన్ని ఎన్నిసార్లు పలికింది, ఎన్నిసార్లు చూసి గుర్తుపట్టింది, ఎన్నిసార్లు రాసింది అని పక్కన కూచుని లెక్కపెట్టి చూడండి. దూది అతికించే కాగితంలో ఒకటో రెండో వస్తుంది. పిండి పళ్ళెంలో పది దాటుతుంది. ఫోటోకు ఏది బాగుంటుందన్నది ఈ లెక్కలోకి రాదు.

రెండోది, పిల్ల ఇప్పుడు ఎక్కడ ఆగిపోయిందో చూడాలి. ‘పలక’ అన్న మాటను ప-ల-క అని విడగొట్టి చెప్పలేని పిల్లకు ముందు చెవి ఆట కావాలి. ఆ పిల్ల చేత ‘ప’ ఎన్నిసార్లు దిద్దించినా అదొక బొమ్మగానే మిగిలిపోతుంది. విడగొట్టడం వచ్చి, ప-వ, మ-య, న-స తారుమారు చేసే పిల్లకు కంటికీ చేతికీ పని చెప్పే ఆట కావాలి. అక్షరాలన్నీ విడిగా గుర్తుపట్టి, మాటగా కలపబోయేసరికి తడబడే పిల్లకు చదివే ఆట కావాలి. వయసు కన్నా ఇదే ముఖ్యం. అయిదేళ్ళ పిల్లలకు కూడా చెవి ఆట దగ్గర మొదలుపెట్టాల్సి రావచ్చు, అందులో తప్పేమీ లేదు.

చెవికి: బుడ్డకాయల ఆట

మాటలోని అక్షరాలను చెవితో విడదీయించడానికి చప్పట్లు కొట్టించడం అందరూ చేసేదే. మన సీమలో చలికాలానికి అంతకన్నా మంచి సాధనం ఇంట్లోనే ఉంటుంది. వానకాలం పంట బుడ్డలు అప్పటికి ఎండి మూటల్లో ఉంటాయి. బుడ్డకాయకు గింజ ఉన్న చోట ఉబ్బు, మధ్యలో నొక్కు ఉంటుంది కదా, పిల్ల వేలు పెట్టి ఒక్కో ఉబ్బుకు ఒక్కో అక్షరం చెప్పుకోవచ్చు. చప్పట్లు కొట్టిన వెంటనే మాయమైపోతాయి, కాయ కళ్ళ ముందు ఉంటుంది. తప్పు పోయినప్పుడు మళ్ళీ తాకి సరిచూసుకోవడానికి వీలు.

రెండు దోసిళ్ళ ఎండుకాయలు చాలు. నల్లబడినవి, బూజు పట్టినవి ముందే ఏరి పారేయండి. మిగిలినవాటిలో ఒంటిగింజ కాయలు 10, రెండు గింజలవి 20 వేరు చెయ్యండి. కదిరి-6 లాంటి గుత్తి రకాల్లో ఎక్కువ కాయలకు రెండే గింజలు, మూడు గింజల కాయ అరుదుగా కనిపిస్తుంది. అందుకని మూడక్షరాల మాటకు రెండు గింజల కాయ పక్కన ఒంటికాయ పెట్టడం నేర్పండి. నాలుగక్షరాలకు రెండు జంట కాయలు.

వస్తువులు చాపమీద పరచండి. మంట, పొగ లాంటివాటికి బొమ్మ గీసిన అట్టముక్క చాలు. రెండక్షరాలవి: చలి, పొగ, మంట, మంచు, రేగు. మూడక్షరాలవి: పిడక, అరిసె, చెరకు, కంబళి. నాలుగక్షరాలవి: చలిమంట, రేగుపండు. మీరు మాటను మామూలుగా, ఒకే గుక్కలో పలకండి. “కంబళి. కాయలు పెట్టు నాయనా.” పిల్ల తనే ‘కం-బ-ళి’ అని విడగొట్టుకుంటూ కాయలు ఏరుకోవాలి. ఎక్కువమంది టీచర్ల దగ్గర ఆట చెడేది ఇక్కడే: తామే కం... బ... ళి అని సాగదీసి చెప్పేస్తారు. అప్పుడు పిల్ల చేసేది కాయలు లెక్కపెట్టడమే, మాటను విడగొట్టడం కాదు.

ఇంకో చిక్కు చాలామంది గమనించరు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు వస్తువు పెద్దదైతే మాట కూడా పెద్దదనుకుంటారు. ఆవుకు దోసెడు కాయలు పెట్టి, రేగుపండుకు ఒక్కటి పెడతారు. అలాంటి జతలను కావాలనే వాడండి: ఆవు-రేగుపండు, బండి-అరిసె. వస్తువును పక్కన పెట్టి మాటను మాత్రమే వినడం పిల్లకు అలవాటైందా లేదా అన్నది ఈ జతలతోనే తేలుతుంది. ఒంటిగింజ కాయకు సరిపోయే మాటలు తెలుగులో తక్కువ; రా, పో, తే లాంటివి వాడుకోండి. ముగ్గు, దుప్పటి లాంటి ఒత్తు మాటలను మొదటి వారం పక్కన పెట్టండి. కొందరు పిల్లలు ము-గ్-గు అని మూడు వింటారు. అది చెవి లోపం కాదు, నిజంగానే అక్కడ ఒక నొక్కు ఉంది. మాటలు బాగా అలవాటయ్యాక ‘ముగ్-గు’ అని రెండు ఉబ్బులు తాకి చూపిస్తే సరిపోతుంది.

తర్వాతి మెట్టు, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలను కూడబెట్టడం. ఇక్కడ ఇంగ్లీషు పద్ధతిని పట్టుకొస్తే పిల్ల తికమక పడుతుంది. ఇంగ్లీషులో ఒకే ‘పి’ కింద పడే మాటలు మన పిల్ల చెవికి ప, పి, పొ అని వేరు వేరుగా వినిపిస్తాయి. చలి, చట్టి, చక్కెర, చదువు ఒక కుప్ప. చిలక, చెరకు ఆ కుప్పలోకి రావు, అవి గుణింతం మొదలయ్యాక వస్తాయి. ‘సలి’ అనే ఇంటి పిల్లలు ‘స’ కుప్పలో వేస్తారు, తమ చెవి ప్రకారం వాళ్ళు వేసింది సరైందే. తప్పనకండి. ఆ పిల్లలకు మొదటి వారం చ బదులు మ, ప, క లతో ఆడించి, చ ను పలక మీద చూసి గుర్తుపట్టాక వెనక్కి రండి.

ఆట మొదట్లో, చివర్లో కాయలు లెక్కపెట్టుకోండి. అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజను గింజగా తిననివ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. వేయించి పొడి కొట్టి బెల్లంతో కలిపి పెట్టండి. గింజ ముక్కులో దూర్చుకుంటే తడికి ఉబ్బుతుంది, పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి.

చేతికి: పిండి పళ్ళెమా, నాపరాయా, అద్దమా

మూడూ రాయించే ఆటలే అయినా మూడింటి పని వేరు.

పిండి పళ్ళెం కొత్త అక్షరం నేర్పేటప్పుడు వాడాలి. అడుగు వెడల్పున్న పళ్ళానికి 200 గ్రాముల బియ్యప్పిండి పోసి సమంగా పరిస్తే దాదాపు 4 మిల్లీమీటర్ల మందం వస్తుంది. అంతకు మించితే గీత పక్కలు కూలి అక్షరం పూడిపోతుంది, తగ్గితే వేలు పళ్ళానికి రాచుకుంటుంది. బొంబాయి రవ్వ కూడా పనికొస్తుంది. పళ్ళాన్ని ఒక్కసారి కదిపితే గీత చెరిగిపోతుంది కాబట్టి ఎక్కువసార్లు రాయించడానికి రవ్వ మేలు. గీత అంచులు స్పష్టంగా కనబడాలంటే పిండి మేలు. పొద్దున మంచు తేమకు పిండి ఉండకడుతుంది, ఎండలో అరగంట ఆరబెట్టి జల్లించుకోండి. రాగిపిండి వేళ్ళకు అంటుకుంటుంది. ఉప్పు వాడమని చెప్పేవాళ్ళున్నారు. చలికి చేతులు పగిలిన పిల్లకు అది మంట పెడుతుంది, వద్దు. అంగట్లో అమ్మే ముగ్గుపొడి రాతిపొడి, దుమ్ము లేచి కళ్ళలో పడుతుంది. వాకిట్లో పెద్దవాళ్ళ ముగ్గుకు సరే గానీ పిల్లల పళ్ళెంలోకి తేవద్దు.

అక్షరం అరచెయ్యంత పెద్దదిగా ఉండాలి. మీరు పిల్ల ఎదురుగా కాకుండా పక్కనే, అదే వైపుకు తిరిగి కూచుని ఒకసారి రాసి చూపండి. ఎదురుగా కూచుంటే పిల్లకు అక్షరం తలకిందులుగా కనబడుతుంది. ఒళ్ళు ముందు, తలకట్టు చివర. వేలు కదులుతున్నంతసేపూ అక్షరం పేరు పలకాలి. నోరు మూసుకుని రాసిన అక్షరానికి కొలత లెక్కలో సగం మార్కే. ఒక్క పూటకు రెండు అక్షరాలు చాలు, అవి ఒకదాన్నొకటి పోలి ఉండకూడదు. ప-వ ఒకే రోజు నేర్పడం వల్లే ఆ రెంటి తారుమారు నెలల తరబడి సాగుతుంది. ప నేర్పిన వారానికి, అది స్థిరపడ్డాక, వ తెచ్చి రెండూ పక్కపక్కన రాసి “ఏది మూసుకుంది, ఏది తెరిచుంది?” అని అడగండి.

అక్షరాల కన్నా ముందు చెయ్యి తిప్పించాలనుకుంటే చుక్కల ముగ్గు ఉంది. బడుల్లో నిలువు గీత, అడ్డ గీతలతో వారాల కొద్దీ పేజీలు నింపిస్తారు. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు పనికొచ్చే సాధన. మన అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలూ. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు 3 చుక్కలు, 3 వరసలతో మొదలుపెట్టి వేయిస్తే అక్షరాలకు కావాల్సిన తిరుగుడు చేతికి వచ్చేస్తుంది. ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులు వేస్తూనే ఉంటారు కాబట్టి పిల్ల చూసి నేర్చుకోవడానికీ ఇదే అదను.

నాపరాయి నేల ఒంట్లో చురుకు ఎక్కువున్న పిల్లలకు. పది నిమిషాలు ఒకచోట కూచోలేని పిల్లోడికి పళ్ళెం ముందు పెడితే పిండి నేలపాలవుతుంది. బేతంచెర్ల, తాడిపత్రి బండలు పరిచిన ఇళ్ళూ బడులూ మన జిల్లాల్లో కొల్లలు. కడప నల్ల బండైతే పలక లాంటిదే. సుద్దముక్కతో మూడడుగుల అక్షరం రాసి, మొదలు దగ్గర ఒక చుక్క పెట్టండి. పిల్ల ఆ చుక్క మీద నిలబడి గీత వెంట నడుస్తూ పేరు చెప్పాలి. అయిదారు అక్షరాలు చెదురుమదురుగా రాసి, మీరు పిలిచిన అక్షరం మీదికి దూకించడం ఇంకో ఆట. గుర్తుపట్టడం ఎంత వేగంగా వస్తోందో అక్కడ తెలిసిపోతుంది. పాలిష్ పట్టిన బండ మీద సుద్ద పడదు. సాక్సులతో ఆడనివ్వద్దు, జారతారు. ఉత్తకాళ్ళకు పొద్దున్నే బండ చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ వరండాలోకి వచ్చాక, తొమ్మిదిన్నర తర్వాత మొదలుపెట్టండి. తడిగుడ్డతో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి.

అద్దం ఆట కొత్తది నేర్పడానికి కాదు, వచ్చిన అక్షరాన్ని పరీక్షించడానికి. చేతి అద్దం మీద పిల్ల హా... అని ఊది, ఆ ఆవిరి మీద వేలితో ఒక అక్షరం రాయాలి. కొన్ని సెకన్లలో ఆవిరి ఆరిపోతుంది, ఆలోపు రాసి పేరు చెప్పాలి. తటపటాయిస్తే ఆ అక్షరం ఇంకా పళ్ళెం దగ్గరే ఉండాలని అర్థం. పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు ఆవిరి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. జలుబు ఉన్న పిల్లల అద్దం ఇంకొకరికి ఇవ్వకండి.

గింజలు అతికించడం గురించి

కందులు, జొన్నలు, అనపగింజలతో అక్షరం నింపించడం చూడ్డానికి అందంగా ఉంటుంది, ప్రదర్శన గోడకు బాగుంటుంది. అక్షర జ్ఞానానికి మాత్రం ఖర్చెక్కువ, రాబడి తక్కువ. అరచెయ్యంత అక్షరానికి యాభై పైనే కందులు పడతాయి, నాలుగేళ్ళ పిల్లకు అరగంట పని. ఆ అరగంటా పిల్ల ధ్యాస జిగురు మీద ఉంటుంది. చలికి జిగురు ఆరడం కూడా ఆలస్యం, ఇంటికి తీసుకెళ్ళేలోపు సగం రాలిపోతాయి. వేళ్ళ పట్టు పెరగడానికి మంచిదే గనక, చేయించాలనుకుంటే ఆరిన అక్షరాన్ని మర్నాడు మళ్ళీ వాడండి: కళ్ళు మూసుకుని తడిమి ఏ అక్షరమో చెప్పించడం. అసలు లాభం అక్కడుంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఈ కాలంలో చేలల్లో ఆముదం కాయలు పగులుతాయి, కంచెల్లో గురివింద గింజలు ఎర్రగా కనిపిస్తాయి. మెరుపు చూసి వాటిని పిల్లల చేతికి ఇచ్చేవాళ్ళున్నారు. రెండూ విషం. నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. బడి ఆవరణలోకి కూడా తేవద్దు.

చదవడానికి: ఏ మాటలు

చలికాలం మాటలతో చదువు మొదలుపెట్టేవాళ్ళు ఒక చోట తప్పకుండా ఇరుక్కుంటారు. ఈ కాలపు ముద్దు మాటల్లో ఎక్కువ వాటికి ఒత్తులున్నాయి: ముగ్గు, రగ్గు, దుప్పటి, బుడ్డలు, గొబ్బెమ్మ, నువ్వులు, బెల్లం. నోటికి ఎంత తేలికో, మొదటిసారి చదివే కంటికి అంత బరువు. ఈ మాటలను చెప్పుకోవడానికీ, బుడ్డకాయల ఆటకూ ఉంచుకుని, చదివే చీటీలకు వేరే జాబితా పెట్టుకోండి. గుణింతం లేని మాటలు కొన్నే ఉన్నాయి: ఎండ, మంట, పలక, పడక. తర్వాత ఒక్క గుణింతం ఉన్నవి: చలి, పొగ, మంచు, పిడక, కంది, కంబళి. ఆ తర్వాత రెండు గుణింతాలవి: రేగు, చెరకు, అరిసె. ఒత్తులు యూకేజీ చివర్లో, ఒకటో తరగతిలో.

చీటీలు దాచి వెతికించడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. 6 చీటీలు, ఒక్కోదాని మీద ఒక్క మాట, రెండంగుళాల ఎత్తు అక్షరాలతో రాసి, దుప్పటి మడతల్లో దాచండి. దొరికిన చీటీ చదివితే ఆ వస్తువును తెచ్చి దాని పక్కన పెట్టాలి. చీటీ మీద బొమ్మ వెయ్యొద్దు. బొమ్మ ఉంటే పిల్ల బొమ్మనే చదువుతుంది, “అరిసె” అని గట్టిగా చెప్పేస్తుంది, మనం చదువు వచ్చేసిందనుకుంటాం.

సొంత పుస్తకం

అక్షరాలు ఇంకా రాని పిల్లకూ, వచ్చేసిన పిల్లకూ ఒకేలా పనికొచ్చేది ఇదొక్కటే. రెండు ఎ4 కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి సగానికి మడిచి, మడత మీద దారంతో మూడు కుట్లు వేస్తే ఎనిమిది పేజీల పుస్తకం. స్టేప్లర్ పిన్ను వేళ్ళకు గుచ్చుకుంటుంది, దారమే మంచిది. పిల్ల చూసింది చెప్పాలి, మీరు ఒక పేజీకి ఒకే వాక్యం రాయాలి, పిల్ల దానికి బొమ్మ వెయ్యాలి.

చెప్పడానికి ఏముంటుంది అని వెతుక్కోనక్కర్లేదు. కొబ్బరినూనె తీసుకోండి. దాదాపు 24 డిగ్రీల దగ్గర అది గడ్డకట్టడం మొదలవుతుంది; మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున చలి 20 డిగ్రీల లోపుకు దిగుతుంది. రాత్రి వెడల్పాటి డబ్బా మూతలో రెండు చెంచాల నూనె పోసి కిటికీ దగ్గర పెడితే పొద్దునకు తెల్లగా బిగుసుకుంటుంది. పుల్లతో దాని మీద ఒక అక్షరం గీయించి, మూతను ఎండలో పెట్టండి. అక్షరం అంచులు ముందు మెత్తబడి, మెల్లగా ఒకదానిలోకి ఒకటి జారిపోయి, చివరికి మూతలో నూనె తప్ప ఇంకేమీ మిగలదు. ప్లాస్టిక్ అక్షరాలను ఐసు గడ్డల్లో బిగించి కరిగించే ఆట ఒకటి ఈమధ్య బాగా నడుస్తోంది. ఆ అక్షరాలు ఎక్కువగా ఇంగ్లీషువే దొరుకుతాయి, పైగా చలిలో చేతులు తడిసి ముద్దవుతాయి. దానికన్నా ఇది మేలు. పిల్ల చెప్పే వాక్యాలు ఇలా ఉంటాయి: “నూనె గడ్డ కట్టింది. ఎండలో పెట్టినాము. అ కరిగిపాయ.”

అలాగే రాయండి. ‘కరిగిపాయ’ను ‘కరిగిపోయింది’ అని దిద్దితే, మర్నాడు చదవబోయినప్పుడు పిల్ల నోట తన మాటే వస్తుంది, కాగితం మీద ఇంకోటి ఉంటుంది, రెండూ కలవవు. తన మాటే ఉంటే వేలు పెట్టి ఒక్కో మాటనూ పోల్చుకుంటూ పోతుంది. చదవడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. పుస్తకాల భాషకు ఒకటో తరగతి నుంచి చాలా టైముంది.

ప్రింటు కాగితాలు ఎప్పుడు కొనాలి

పూర్తిగా పనికిరానివేమీ కావు. పిల్ల ఇంగ్లీషు మీడియంలో ఉండి, ఆ అక్షరాలు బడిలో అప్పటికే చెప్పి ఉంటే, ఇంట్లో మననానికి వారానికి రెండు కాగితాలు చాలు. మంచు మనిషి, చేతి తొడుగుల బొమ్మలు మాట్లాడుకోవడానికి పనికొస్తాయి: హిమాలయాల్లో మంచు ఎలా పడుతుందో చెప్పడానికి ఒక సాకు. తెలుగు కాగితాలు కొనేటప్పుడు మూడు చూడండి. చుక్కల అక్షరానికి మొదలు ఎక్కడో గుర్తు ఉందా? లేకపోతే పిల్ల అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా బొమ్మలా గీస్తుంది, ఆ అలవాటు మాన్పడం కష్టం. ఒక పేజీలో ఒకే అక్షరం ఇరవైసార్లు ఉందా? ఉంటే నాలుగోసారి తర్వాత చెయ్యి మాత్రమే కదులుతుంది. ఫైలు ఇచ్చి తీయించుకుంటుంటే జిరాక్సు షాపులో ముందు ఒక్క కాపీ తీయించి చూసుకోండి. తెలుగు ఫాంటు సరిగా లేని కంప్యూటర్లో ఒత్తులు, గుణింతాలు చెదిరిపోయి వస్తాయి.

ఇంట్లో ఒకరిద్దరు, బడిలో ఇరవైమంది

ఇంట్లో అయితే రోజుకు పదిహేను నిమిషాలు: పొద్దున అద్దం మీద ఒక నిమిషం, సాయంత్రం పిండి పళ్ళెం, పడుకునే ముందు సొంత పుస్తకంలో ఒక పేజీ. మూడేళ్ళ పిల్లకు రాత వదిలేసి బుడ్డకాయలు, పుస్తకం చాలు.

అంగన్‌వాడీలో ఇరవైమంది ఉన్నప్పుడు పళ్ళేలు ఇరవై దొరకవు, దొరికినా పిండి అదుపులో ఉండదు. నాపరాయి మీద ఒకేసారి ఎనిమిది మంది ఆడొచ్చు. ఆయా వాళ్ళను చూసుకుంటుంటే మీరు నలుగురితో పళ్ళేల దగ్గర కూచోండి, మిగిలిన ఎనిమిదిమందికి బొమ్మలు వేసే పని. పదిహేను నిమిషాలకు మార్చండి. బుడ్డకాయల ఆట నలుగురికి మించి వద్దు, ఎవరి నోట్లో ఏముందో చూసుకోలేం. సంక్రాంతి సెలవులకు ముందు రోజు ఎవరి పుస్తకం వాళ్ళకు ఇచ్చి పంపండి, ఇంట్లో ఎవరికి చదివి వినిపించారో వచ్చాక అడగండి. పళ్ళెంలో వాడిన పిండిని మళ్ళీ వంటకు వాడకండి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పైన పేరు రాసి పెట్టుకుంటే రెండు వారాలు వస్తుంది, ఆ తర్వాత పురుగు పడుతుంది.